చీటీ మీద "గ్లాకోమా?" అని రాశారు – ఇంకా ఏ పరీక్షలు కావాలి, ఎక్కడికి వెళ్ళాలి?

కొండపల్లి_బొమ్మ · ఉదయం 8:12

కళ్ళద్దాల షాపు పక్కన ఉన్న క్లినిక్కులో ఇచ్చిన చీటీ ఇది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఆడమనిషి, వయసు 58. అద్దాలతో చూపు రెండు కళ్ళకీ 6/6. పవర్ ప్లస్ 2.50. గాలి మిషన్ మీద ప్రెషర్ కుడి 24, ఎడమ 23. కప్పు కుడి 0.7, ఎడమ 0.6. కింద "గ్లాకోమా?" అని ప్రశ్న గుర్తుతో రాసి, రాత్రి పూట వేసుకునే చుక్కల మందు ఒకటి ఇచ్చి, నెల తర్వాత రమ్మన్నారు. షుగరు లేదు, ఆస్తమా ఉంది. మందు ఇంకా మొదలుపెట్టలేదు.

చూపు 6/6 ఉంటే గ్లాకోమా ఎలా అవుతుంది? ఈ చీటీతో చుక్కలు మొదలుపెట్టొచ్చా? విజయవాడ చుట్టుపక్కల ఎవరికి చూపించాలి? తెలిసినవారు చెప్పండి.

కటకం · ఉదయం 9:05

ముందు 6/6 సంగతి. గోడ మీద అక్షరాల బోర్డు పరీక్షించేది నడి చూపును మాత్రమే. కంటి నరంలో పది లక్షలకు పైగా సన్నటి పోగులుంటాయి. గ్లాకోమాలో, ఎక్కువగా కంటి లోపలి ప్రెషర్ దెబ్బకి, అవి విడతలు విడతలుగా చచ్చిపోతాయి. మీ చీటీలో కప్పు అంటే నరం మొన మధ్యలో ఉండే గుంట, పోగులు పోయేకొద్దీ అది పెద్దదవుతుంది. సాధారణంగా ముందు పోయేది నడి చూపు కాదు, దాని చుట్టూ ఉండే చూపు. అందుకే చివరిదాకా బోర్డు మీద కింది వరస చదివేస్తూనే ఉంటారు. పోయిన చోట నల్లగా కనపడుతుందని చాలామంది అనుకుంటారు, అలా ఉండదు. ఒక కంటికి పోయిన భాగాన్ని రెండో కన్ను కప్పేస్తుంది, మిగతాది మెదడు నింపేస్తుంది. మనిషికి తెలిసేదల్లా మెట్టు తప్పడం, గడప తగలడం, పక్కనుంచి వచ్చే బండి చివరి క్షణంలో కనపడడం. అవి కూడా వయసు మీద తోసేస్తాం.

మన దగ్గరే దీనికి లెక్క ఉంది. 1996 నుంచి 2000 దాకా హైదరాబాదులోను, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోను ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు పది వేల మందికి పైగా కళ్ళు పరీక్షించారు. హైదరాబాదులో ఓపెన్ యాంగిల్ అనే రకం గ్లాకోమా ఉన్నవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా ఆ పరీక్ష దాకా తమకు జబ్బు ఉందనే తెలియదు.

ఇక చీటీలో నేను ఆగింది ప్లస్ 2.50 దగ్గర. అది దూరపు చూపుకా, చదవడానికా? 58 ఏళ్ళకి చదివే అద్దం ప్లస్ 2.50 ఉండడం మామూలే, దానికి అర్థం ఏమీ లేదు. దూరానికే ప్లస్ 2.50 అయితే మాత్రం కథ వేరు. అది చూసి చెప్పండి.

కొండపల్లి_బొమ్మ · ఉదయం 9:31

చూశానండి. దూరానికే ప్లస్ 2.50. చదవడానికి దాని మీద ఇంకో 2.50 కలిపారు.

కటకం · ఉదయం 10:10

అయితే ఈ కళ్ళకి ముందుగా కావలసిన పరీక్ష గోనియోస్కోపీ. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను, మొత్తం వైద్యం దాని మీదే ఆధారపడి ఉంది.

కంటి లోపల నిమిషానికి 2 నుంచి 3 మైక్రోలీటర్ల నీరు ఊరుతుంది. ఇది కన్నీరు కాదు. ఐరిస్ (పాప చుట్టూ ఉండే రంగు తెర) వెనక ఊరి, పాప గుండా ముందు గదిలోకి వచ్చి, నల్లగుడ్డు (కంటి ముందుండే అద్దంలాంటి పొర, కార్నియా) ఐరిస్‌ని కలిసే మూల దగ్గర జల్లెడలాంటి కణజాలం గుండా బయటికి పోతుంది. ఆ మూలనే యాంగిల్ అంటాం. మూల తెరిచే ఉండి జల్లెడ మాత్రం మందంగా పనిచేస్తే ఓపెన్ యాంగిల్. ఐరిస్ ముందుకు ఒరిగి మూలనే మూసేస్తే యాంగిల్ క్లోజర్. బాత్‌రూమ్ తూము పోలిక చాలు: గొట్టం లోపల పాచి పట్టడం ఒకటి, తూము మూతి మీద గుడ్డ పడడం ఇంకొకటి. రెండింట్లోనూ నీళ్ళు నిలుస్తాయి, రిపేరు మాత్రం ఒకటి కాదు.

దూరానికి ప్లస్ పవర్ ఉన్న కన్ను పొట్టిగా ఉంటుంది, ముందు గది లోతు తక్కువ. వయసుతో లోపలి కటకం లావెక్కి ఐరిస్‌ని ముందుకు నెడుతుంది. ఆడవాళ్ళలో, యాభై దాటినవాళ్ళలో మూల మూసుకుపోవడం ఎక్కువ. ఈ చీటీలో ఆ మూడూ ఉన్నాయి.

గోనియోస్కోపీ చేసే తీరు ఇది. మొద్దుబారే చుక్క ఒకటి వేస్తారు. గది చీకటి చేస్తారు. లోపల అద్దాలున్న చిన్న లెన్సుని నల్లగుడ్డుకి ఆనించి, స్లిట్ ల్యాంప్ (గడ్డం ఆనించి కన్ను చూసే మైక్రోస్కోపు) వెలుగుని సన్నగీతలా చేసి నాలుగు వైపులా మూలను చూస్తారు. కంటికి రెండు మూడు నిమిషాలు. నొప్పి ఉండదు, రెప్పల మధ్య ఏదో ఉన్నట్టు ఒత్తిడి తెలుస్తుందంతే. ఫలితాన్ని నాలుగు గళ్ళుగా గీసి రాస్తారు. జల్లెడ ఎన్ని వైపుల కనపడలేదో, ఐరిస్ ఎక్కడైనా అతుక్కుపోయిందో అందులో ఉండాలి. మీ చీటీలో ఆ గీత లేదు కాబట్టి ఇప్పటికి "గ్లాకోమా?" పక్కన ప్రశ్న గుర్తు న్యాయమే.

ముఖ్యమైన సంగతి: పాప పెద్దది చేసే చుక్కలు ఇది అయ్యాకే వెయ్యాలి. మూల ఇరుకుగా ఉన్న కంట్లో ఆ చుక్క పడితే ప్రెషర్ ఒక్కసారిగా పెరిగే ప్రమాదం ఉంది.

పాలమూరు_పోరడు · ఉదయం 10:48

అన్నా, ఒక డౌటు. ప్రెషర్ 21 లోపట ఉంటే గ్లాకోమా లేనట్టే అంటరు గదా. మా దిక్కు క్యాంపుల గాలి మిషనొక్కటే పెడ్తరు. 18 వస్తే నార్మల్ అని పంపిస్తరు. నమ్మొచ్చా?

ఫీల్డ్_చార్టు · ఉదయం 11:20

ఆ ఒక్క అంకెనీ నమ్మొద్దు తమ్ముడూ. 10 నుంచి 21 అనేది ఎక్కువమందిలో కనపడే కొలత, అంతే. 16 ఉన్నా నరం దెబ్బతినేవాళ్ళు ఉన్నారు, దాన్ని నార్మల్ టెన్షన్ గ్లాకోమా అంటారు. 24 ఉండి కూడా నరం చెక్కుచెదరని వాళ్ళున్నారు. రెండో రకం వాళ్ళ మీద అమెరికాలో చేసిన పెద్ద పరిశోధన 2002లో వచ్చింది. మందు వాడకుండా కనిపెట్టుకుని ఉన్నవాళ్ళలో అయిదేళ్ళలో నూటికి 9.5 మందికి గ్లాకోమా వచ్చింది, చుక్కలు వాడినవాళ్ళలో 4.4 మందికి. మందు పనిచేస్తుందనీ తెలుస్తోంది, ఒట్టి ప్రెషర్ ఉన్న ప్రతివాళ్ళకీ జబ్బు రాదనీ తెలుస్తోంది.

గాలి మిషన్ వడపోతకి పనికొస్తుంది. వైద్యం నడిపేది గోల్డ్‌మన్ కొలత మీద. కంట్లో రంగు కాగితం ముట్టించి, నీలి వెలుగులో చిన్న మొన నల్లగుడ్డుకి ఆనిస్తారు. డాక్టరుకి పైన ఒకటి, కింద ఒకటి పచ్చని అరవలయాలు కనపడతాయి. వాటి లోపలి అంచులు ఒకదానికొకటి తగిలేదాకా చక్రం తిప్పి అంకె చదువుతారు. రంగు ఎక్కువైనా, రోగి ఊపిరి బిగబట్టినా, మెడకి బిగుతు కాలరో టైయో ఉన్నా అంకె పెరుగుతుంది.

దీనికి నల్లగుడ్డు మందం కలిపి చూడాలి. సగటున సుమారు 540 మైక్రాన్లు. పల్చగా ఉంటే మిషన్ తక్కువ చూపిస్తుంది, దళసరిగా ఉంటే ఎక్కువ. లేసిక్ (కళ్ళద్దాలు పోవడానికి చేసే లేజర్) చేయించుకున్నవాళ్ళకి పల్చబడి ఉంటుంది కాబట్టి అసలు ప్రెషర్ కన్నా తక్కువ వస్తుంది. ఆ సంగతి ప్రతి డాక్టరుకీ నోరు తెరిచి చెప్పాలి.

క్యాంపుల మాటకొస్తే, కంటి వెలుగు లాంటివి ముఖ్యంగా చూపు, కళ్ళద్దాల అవసరం చూసేవి. అక్కడ బాగుందన్నారంటే నరం చూశారని కాదు.

కొండపల్లి_బొమ్మ · ఉదయం 11:34

ఫీల్డ్ టెస్టు, ఓసీటీ రెండూ రాస్తారని విన్నాను. రెండూ అవసరమా, ఒకటి చాలా?

ఫీల్డ్_చార్టు · మధ్యాహ్నం 12:15

రెండూ వేరు. ఓసీటీ నరపు పొర మందాన్ని ఫొటో తీసి కొలుస్తుంది. ఫీల్డ్ టెస్టు ఆ కంటితో మీకు నిజంగా ఎంత కనపడుతోందో చెప్తుంది. మొదటి రోజుల్లో ఓసీటీ ముందు పసిగడుతుంది. జబ్బు బాగా ముదిరి పొర 50 మైక్రాన్ల దగ్గరికి వచ్చాక ఇక అది పెద్దగా దిగదు, అప్పుడు నమ్మాల్సింది ఫీల్డునే. ఓసీటీలో ఎరుపు (పొర పల్చబడిందనే గుర్తు) రాగానే గుండె జారాల్సిన పని లేదు. మైనస్ 6 పైన పవర్ ఉన్న కళ్ళకి జబ్బు లేకుండానే ఎరుపు రావచ్చు. మిషన్ లోపలి కొలతలు మామూలు కళ్ళవి.

ఫీల్డ్ టెస్టు గురించి ఎవరూ చెప్పని మాటలు చెప్తాను. ఎక్కువగా చేసేది 24-2 అనే పద్ధతి, కంటికి 54 చోట్ల చుక్కలు వెలుగుతాయి. మధ్యలో ఉన్న దీపం మీదే చూపు నిలిపి, పక్కన ఎక్కడ వెలుగు తోచినా మీట నొక్కాలి. సగం చుక్కలు కనపడనంత మసకగా ఉండేలా మిషనే చేస్తుంది, అదే దాని పని. "నాకేం కనపడట్లేదు" అని కంగారుపడి ఊరికే నొక్కేస్తే రిపోర్టు చెడిపోతుంది. గడ్డం ఆనించే చోటు ఎత్తు సరిగ్గా పెట్టించుకోండి. రెప్ప వాలే వాళ్ళకి పైరెప్పని టేపుతో కాస్త ఎత్తి అతికించమనండి, లేకపోతే పై సగం నల్లగా వస్తుంది, అది రెప్ప నీడ. దగ్గరి చూపు పవర్ లెన్సు పెట్టారో లేదో అడగండి. అలిసిపోతే మీట నొక్కి పట్టుకోండి, చాలా మిషన్లు ఆగుతాయి. భోజనం మానేసి, పాప పెద్దది చేసిన కళ్ళతో కూర్చోవద్దు.

రిపోర్టు రాగానే పైన ఎడమ పక్క మూడు లైన్లు చూడండి. చూపు కదిలిన లెక్క 20 శాతం లోపు, వెలగకుండానే నొక్కిన లెక్క 15 శాతం లోపు ఉంటేనే మిగతాది చదవాలి. తర్వాత ఎం.డి. అనే అంకె, మొత్తం మీద చుట్టుచూపు ఎంత తగ్గిందో చెప్పేది: మైనస్ 6 దాకా తొలిదశ, మైనస్ 6 నుంచి 12 మధ్యస్థం, 12 దాటితే ముదిరినట్టు. మొదటిసారి అందరికీ తప్పులు పోతాయి. అందుకే మొదటి రిపోర్టు మీద తీర్పు చెప్పకుండా ఇంకోసారి చేయిస్తారు. డబ్బు గుంజడానికి అనుకోవద్దు. పాత రిపోర్టులు ఒక్కటి కూడా పారెయ్యకండి. నాలుగేళ్ళ కాగితాలు వరసగా పెడితేనే జబ్బు నడక తెలుస్తుంది.

మందుల_మూల · మధ్యాహ్నం 1:40

చుక్కల సంగతి నేను చెప్తాను, ఫార్మసీ పక్క నుంచి.

చీటీలో రాసింది రాత్రి చుక్క కాబట్టి లాటానోప్రోస్ట్, ట్రావోప్రోస్ట్, బైమాటోప్రోస్ట్ కుటుంబంలోది అయి ఉండాలి. ఆస్తమాకి ఇది మామూలుగా అడ్డం కాదు. కానీ నెల తర్వాత మందు మార్చినా, రెండోది కలిపినా జాగ్రత్త. టిమోలాల్ ఉన్న చుక్క ఆస్తమా వాళ్ళకి, గుండె కొట్టుకోవడం మరీ నెమ్మదిగా ఉన్నవాళ్ళకి, హార్ట్ బ్లాక్ (రక్తనాళం పూడిక కాదు, గుండె కొట్టుకునే సంకేతం అడ్డుపడడం) ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదు. కంట్లో వేసింది ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందని అనుకోవద్దు. చుక్క ముక్కులోకి దిగి నేరుగా రక్తంలో కలుస్తుంది. అసలు ప్రమాదం జంట మందుల్లో ఉంది. బ్రిమోనిడిన్‌తో, డోర్జోలమైడ్‌తో, బైమాటోప్రోస్ట్‌తో టిమోలాల్ కలిపిన సీసాలుంటాయి, బ్రాండు పేరుకి చివర ఒక అక్షరమో "ప్లస్" అనో తగిలిస్తారు. పేరు చూసి తీసుకోకండి, పెట్టె పక్కన చిన్న అక్షరాల్లో ఉండే మందు పేర్లు చదివించుకోండి.

రాత్రి చుక్క వల్ల కన్ను కాస్త ఎర్రబడొచ్చు, వెంట్రుకలు పొడవుగా నల్లగా పెరగొచ్చు, నెలలు వాడాక రెప్ప చుట్టూ చర్మం నల్లబడి, కన్ను కాస్త గుంటపడినట్టు కనపడొచ్చు. చూపుకి నష్టం లేదు, కానీ తెలియకపోతే భయపడి ఆపేస్తారు. బ్రిమోనిడిన్‌కి కొందరికి నెలల తర్వాత కన్ను ఎర్రగా దురద పెడుతుంది. రెండేళ్ళ లోపు పిల్లలకి అది వెయ్యనే కూడదు, మత్తు వచ్చి ఊపిరి నెమ్మదిస్తుంది.

లాటానోప్రోస్ట్ మామూలు రకం తెరవని సీసా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. తెరిచాక 25 డిగ్రీల లోపు చోట ఆరు వారాలు. మన ఎండల్లో 25 ఎక్కడ? ఫ్రిజ్ తలుపు అరలోనే పెట్టుకోవడం మేలు, ఫ్రీజరులో వద్దు. ఫ్రిజ్ అక్కర్లేని రకాలూ వచ్చాయి, పెట్టె మీద చూడండి. 2.5 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 80 చుక్కలుంటాయి. రెండు కళ్ళకీ రోజుకి ఒక్కొక్కటి అంటే నెలకి 60. సీసా పదిహేను రోజులకే అయిపోతోందంటే చుక్కలు బయట పడుతున్నాయన్నమాట. సీసా రెండు నెలలు వచ్చిందంటే మానేస్తున్నారన్నమాట. తెరిచిన తేదీ పెన్నుతో లేబుల్ మీద రాయండి.

వార్డు_3 · మధ్యాహ్నం 2:25

చుక్క వేసే పద్ధతి చూపించమంటే పదిమందిలో ఎక్కువమంది తప్పుగానే వేస్తారు. సీసా మొన రెప్పకి ఆనుతుంది, లేదా మూడు నాలుగు చుక్కలు పడతాయి, వెంటనే కన్ను మిటకరిస్తారు.

చేతులు కడుక్కుని, తల వెనక్కి వంచి, కింది రెప్పని వేలితో లాగితే చిన్న సంచిలా అవుతుంది. సీసాని కంటికి ఒక అంగుళం పైన పట్టుకుని ఆ సంచిలో ఒకే ఒక్క చుక్క. కంట్లో నిలిచేది ఒక చుక్కలో కూడా కొంతే, రెండోది చెంప మీదికే. కన్ను మెల్లగా మూసి, ముక్కు పక్క కంటి కొనని చూపుడు వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టాలి. అక్కడే మందు ముక్కులోకి దిగే దారి ఉంది, అది మూస్తే మందు కంట్లో ఉంటుంది, ఒంట్లోకి తక్కువ పోతుంది. రెండో రకం చుక్క ఉంటే అయిదు నుంచి పది నిమిషాలు ఆగి వెయ్యాలి. చెయ్యి వణికేవాళ్ళు పడుకుని, సీసా పట్టిన చేతిని నుదుటి మీద ఆనించుకోవాలి. చుక్క పడిందో లేదో తెలియనివాళ్ళు సీసాని ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వేస్తే చల్లగా తగిలి తెలుస్తుంది.

ఆసుపత్రికి వెళ్ళే రోజు మందు మానకండి. మానేసి వస్తే డాక్టరుకి ప్రెషర్ ఎక్కువ కనపడి ఇంకో మందు కలుపుతారు. నెలంతా మానేసి వెళ్ళే ముందు రెండు రోజులు వేసినా అంతే తప్పు. అప్పుడు 15 చూసి "బాగుంది" అంటారు, నరం మాత్రం పోతూ ఉంటుంది. మానేశారా, మానేశామని చెప్పండి. ఎవరూ కొట్టరు.

గోదారి_గట్టు · మధ్యాహ్నం 3:02

పిల్లలకి కళ్ళు దురద అంటే మెడికల్ షాపులో ఇచ్చే చుక్కలతో కూడా గ్లాకోమా వస్తుందంటారు, నిజమేనాండీ?

మందుల_మూల · మధ్యాహ్నం 3:30

నిజం. ఈ చర్చలో ఒక్క పోస్టే చదివేవాళ్ళుంటే ఇది చదవమంటాను.

ఎండాకాలం పిల్లలకి కళ్ళు ఎర్రబడి, తెగ నలుపుకుంటూ, తీగలు సాగే పుసి వస్తుంది. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్ ఉన్న చుక్క వేస్తే రెండు రోజుల్లో తెల్లగా అయిపోతుంది. ఇక ఆ ఖాళీ సీసా చూపించి ఏళ్ళ తరబడి కొంటూనే ఉంటారు. స్టెరాయిడ్ చుక్కలు వారాల తరబడి వాడితే ముగ్గురిలో ఒకరికి కొంతైనా ప్రెషర్ పెరుగుతుంది, కొద్దిమందికి బాగా పెరుగుతుంది. నొప్పి ఉండదు, కన్ను తెల్లగా, చూడ్డానికి బాగుంటుంది. స్కూల్లో బోర్డు కనపడట్లేదనేసరికి నరం సగం పోయి ఉంటుంది. యాంటీబయాటిక్ పేరుతో అమ్మే సీసాల్లో చాలావాటికి పక్కన డెక్సామెథసోన్ ఉంటుంది. రెప్పల మీద రాసే తెల్లబడే క్రీములు, ఏళ్ళ తరబడి మింగే స్టెరాయిడ్ మాత్రలూ ఇదే పని చెయ్యగలవు. డాక్టరు రాసిన స్టెరాయిడ్ చుక్కకి గడువు ఉంటుంది, ఆ గడువు తర్వాత ఒక్క సీసా కూడా కొనకండి. ఇప్పటికే చాలా రోజులుగా వాడుతుంటే డాక్టరు చేత ప్రెషర్ చూపించి, వాళ్ళు చెప్పిన తీరులో తగ్గించాలి.

వార్డు_3 · మధ్యాహ్నం 4:05

మూల ఇరుకు కళ్ళ మాట వచ్చింది కాబట్టి అత్యవసరం ఎలా ఉంటుందో ఇంట్లో అందరికీ తెలియాలి. సాయంత్రమో రాత్రో ఒక్కసారిగా ఒక కన్ను, ఆ పక్క తల పగిలిపోయే పోటు, వాంతులు, చూపు మసక, బల్బు చుట్టూ రంగుల వలయాలు, కన్ను ఎరుపు. వాంతుల వల్ల గ్యాస్ అనుకుంటారు, తలపోటు వల్ల మైగ్రేన్ అనుకుంటారు, కొందరికి తల స్కానింగ్ దాకా వెళ్తుంది. ఎర్రని కన్ను, మసక చూపు, వాంతి మూడూ కలిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. కంటి డాక్టరు ఉన్న ఆసుపత్రికే వెళ్ళాలి.

అక్కడ సెలైన్‌లో మానిటాల్, ఎసిటజోలమైడ్ మాత్రలు, చుక్కలు ఇచ్చి ప్రెషర్ దింపుతారు. ఆస్తమా, కిడ్నీ, గుండె జబ్బు, సల్ఫా మందులు పడకపోవడం ముందే చెప్పాలి. మన్యం ప్రాంతాల వాళ్ళు సికిల్ సెల్ ఉంటే అది కూడా. నల్లగుడ్డు తేరుకున్నాక యాగ్ లేజర్‌తో ఐరిస్‌లో చిన్న రంధ్రం పెడతారు. బాగున్న రెండో కంటికీ పెడతారు, అది వద్దనకండి. దాని మూల కూడా అంతే ఇరుకు.

జలుబు మాత్రలు, కడుపునొప్పికి వేసే కొన్ని మాత్రలు పాపని పెద్దది చేసి ఈ పోటు తెప్పించగలవు. "గ్లాకోమా ఉన్నవాళ్ళు వాడొద్దు" అనే హెచ్చరిక అసలు ఉద్దేశించింది ఇంకా లేజర్ చేయించుకోని ఇరుకు మూలల వాళ్ళని. మీది ఏ రకమో తెలిస్తేనే ఆ హెచ్చరిక మీకు వర్తిస్తుందో లేదో తెలుస్తుంది.

ఇంకొకటి. శుక్లం "ముదిరాక తీయించుకుందాం" అని ఆగే అలవాటు మన ఊళ్ళలో ఇంకా ఉంది. బాగా ముదిరిన శుక్లం ఉబ్బి మూలని మూసేస్తుంది, ఇదే పోటు వస్తుంది. ఆపరేషన్ చేసినా అప్పటికే చితికిన నరం తిరిగి రాదు.

కటకం · సాయంత్రం 5:20

ఎక్కడికి వెళ్ళాలన్న ప్రశ్నకి వద్దాం. విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ వాళ్ళ ఆసుపత్రి ఉంది, గుంటూరు పక్కన పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి. వైజాగ్‌లో ఎల్.వి. ప్రసాద్ శాఖ, ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి. రాయలసీమ వాళ్ళకి తిరుపతిలో అరవింద్, కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి. హైదరాబాదులో బంజారాహిల్స్ ఎల్.వి. ప్రసాద్, మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రి. వరంగల్‌లోనూ ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. డబ్బు కట్టలేనివాళ్ళని ఎల్.వి. ప్రసాద్‌లో ఉచిత విభాగంలో చూస్తారు. ఆపరేషన్ దాకా వస్తే ఆరోగ్యశ్రీ (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) వర్తిస్తుందో లేదో అక్కడి ఆ పథకం సిబ్బందిని ముందే అడగాలి.

బోర్డు మీద పేరు కన్నా ఫోన్ చేసి అడిగే మాటలు ముఖ్యం: గ్లాకోమాలో ఫెలోషిప్ చేసిన డాక్టరు ఏ రోజుల్లో ఉంటారు? గోల్డ్‌మన్, గోనియోస్కోపీ, నల్లగుడ్డు మందం, ఫీల్డ్ టెస్టు అక్కడే చేస్తారా? ఇవి చేసే ఒక్క డాక్టరున్న చిన్న ఆసుపత్రి అయినా పరవాలేదు. గోనియో లెన్సు బయటికి తియ్యని పెద్ద భవనం కన్నా అదే నయం. ఆప్టోమెట్రిస్టులం మేము కొలతలు తీసి అనుమానం పట్టగలం, జబ్బు రకం తేల్చి వైద్యం నడపాల్సింది కంటి వైద్యులు. ఒకసారి నిర్ధారణ అయ్యాక ప్రెషర్ చూసి మందు కొనసాగించే పనికి దగ్గరి ఊరి డాక్టరు చాలు, ఆరు నెలలకో ఏడాదికో పెద్ద చోటికి వెళ్తే సరిపోయేవాళ్ళు చాలామంది.

మందు మొదలుపెట్టలేదన్నారు కదా. వారంలోపు వెళ్ళగలిగితే, మందు పడకముందు గోల్డ్‌మన్ అంకె దొరకడం వైద్యానికి చాలా విలువైనది. చీటీ రాసిన డాక్టరుకి ఫోన్ చేసి "అప్పటిదాకా ఆగొచ్చా" అని అడగండి. ఒకసారి మొదలుపెట్టాక మాత్రం సొంతంగా ఆపొద్దు.

టెంపా_తెలుగు · సాయంత్రం 6:02

అమెరికా వచ్చే అమ్మానాన్నల కోసం: ఆరు నెలలుంటే ఆరు నెలల మందూ తెచ్చుకోవాలి, చీటీలో మందు అసలు పేరు ఉండాలి, సీసాలు చేతి సంచిలోనే పెట్టాలి. విజిటర్ ఇన్సూరెన్సులు పాత జబ్బుకి సాధారణంగా ఇవ్వవు. ఇక్కడ మూతల రంగులకి ఒక పద్ధతి ఉంది, టిమోలాల్‌కి పసుపు, రాత్రి చుక్కలకి నీలిపచ్చ. ఇండియా సీసాలకి ఆ లెక్క పెట్టుకోవద్దు, అక్కడ కంపెనీకో రంగు.

లేజర్ గురించి కూడా ఎవరైనా చెప్పండి. ఇక్కడ చుక్కల కన్నా ముందే ఎస్.ఎల్.టి. చేస్తామంటున్నారు.

ఫీల్డ్_చార్టు · సాయంత్రం 6:40

ఎస్.ఎల్.టి. అంటే మూలలోని జల్లెడ మీద లేజర్ వేసి నీరు బాగా పోయేలా చెయ్యడం. ఓపెన్ యాంగిల్ అయితే మంచి దారే. 2019లో బ్రిటన్ పరిశోధన వచ్చింది. ముందు ఎస్.ఎల్.టి. చేయించుకున్నవాళ్ళలో నూటికి 74 మంది మూడేళ్ళకి చుక్కలు లేకుండానే అనుకున్న ప్రెషర్ దగ్గర ఉన్నారు. కొన్ని నిమిషాల పని, అవసరమైతే మళ్ళీ చెయ్యొచ్చు. మూల మూసుకున్న కళ్ళకి ఇది పనికిరాదు. ఐరిస్‌లో రంధ్రం పెట్టే లేజరూ ఇదీ ఒకటి కాదు, రెండింటినీ "లేజర్" అనేసి కలిపెయ్యకండి.

వార్డు_3 · సాయంత్రం 7:15

ఆపరేషన్ గురించి రెండు ముక్కలు. మందులూ లేజరూ చాలకపోతే ట్రాబెక్యులెక్టమీ చేస్తారు. పైరెప్ప కింద నీటికి కొత్త దారి తెరిచి, తెల్లగుడ్డు పొర కింద చిన్న బుడగలా చేరేలా చేస్తారు. పోయిన చూపు తేవడానికి కాదు, ఉన్నది నిలపడానికి. ఈ మాట ఆపరేషన్‌కి ముందే ఇంట్లో అందరికీ అర్థం కావాలి, లేకపోతే "ఆపరేషన్ ఫెయిలైంది" అని బాధపడి మందులు మానేస్తారు. గెలుపు సగం తర్వాతి ఆరు వారాల్లో ఉంటుంది. గాయం మానడం మొదలైతే దారి మూసుకుపోతుంది కాబట్టి దాదాపు వారం వారం చూసి, కుట్లు వదులు చెయ్యాలి. ఊరు దూరం అయితే బస సంగతి ముందే చూసుకోండి. ఆ బుడగ ఉన్నన్నాళ్ళూ, పదేళ్ళ తర్వాత అయినా సరే, కన్ను ఎర్రబడి పుసి, నొప్పి, మసక వస్తే ఆ రోజే ఆసుపత్రికి.

ట్యూబ్ పెట్టే ఆపరేషన్ ఇంకోటి. మదురైలో ఆరోల్యాబ్ తయారుచేసే ఆడీ ఇంప్లాంట్ వచ్చాక అది మనవాళ్ళకి అందుబాటులోకి వచ్చింది. దాని గొట్టాన్ని దారంతో కట్టి ఉంచుతారు. అయిదారు వారాలకి దారం కరిగి, ప్రెషర్ ఒక్కసారిగా దిగుతుంది. ఆ వారంలో బరువులెత్తడం, ముక్కడం వద్దు, మసక వస్తే వెంటనే చెప్పాలి.

గోదారి_గట్టు · రాత్రి 8:10

నందివర్ధనం పూలు, తేనె చుక్క, శీర్షాసనం, పొద్దున్నే చెంబుడు నీళ్ళు... మా వైపు ఇవన్నీ చెప్తారండీ.

కటకం · రాత్రి 8:35

నందివర్ధనం, తేనె గ్లాకోమా ప్రెషర్ని తగ్గించవు. తోటలోని పువ్వు, సీసాలోని తేనె శుభ్రమైనవి కావు, ఆపరేషన్ అయిన కంట్లో పడితే చీము పట్టొచ్చు. శీర్షాసనంలో కంటి ప్రెషర్ దాదాపు రెట్టింపు అవుతుందని మన దేశంలోనే కొలిచారు, గ్లాకోమా ఉన్నవాళ్ళు తల కిందులయ్యే ఆసనాలు మానాలి. నడక, ప్రాణాయామం మంచివే. లీటరు నీళ్ళు గటగటా తాగితే కాసేపు ప్రెషర్ పెరుగుతుంది. అదే పనిగా తాగించి కొలిచే పరీక్ష కూడా ఉంది. ఉషఃపానం చేసేవాళ్ళు అవే నీళ్ళని గంటసేపట్లో కొద్దికొద్దిగా తాగండి. బంతి, గిల్లీదండ కర్ర తగిలిన కంటికి ఏళ్ళ తర్వాత కూడా ప్రెషర్ పెరగొచ్చు కాబట్టి ఏడాదికోసారి చూపించాలి.

ఇంట్లో ఒకరికి నిర్ధారణ అయితే తోబుట్టువులు, పిల్లలు నలభై దాటగానే నరం చూపించుకోవాలి. అక్కచెల్లెళ్ళకీ అన్నదమ్ములకీ మిగతావాళ్ళ కన్నా ప్రమాదం ఎన్నో రెట్లు. పుట్టుకతో వచ్చే రకం వేరు. పసిబిడ్డ కళ్ళు "పెద్దవి, ముద్దుగా ఉన్నాయి" అని మురుస్తాం. నల్లగుడ్డు పెద్దగా, పొగ పట్టినట్టు ఉండి, బిడ్డ వెలుతురు చూడలేక కళ్ళు మూసుకుంటూ నీరు కారుస్తుంటే అది ముద్దు కాదు, ఆ వారంలోనే చూపించాలి. మేనరికాలు ఉన్న ఇళ్ళల్లో ఇది ఎక్కువ. దీనికి చుక్కలు తాత్కాలికమే, ఆపరేషనే దారి, ఎంత త్వరగా చేస్తే అంత చూపు మిగులుతుంది.

పాలమూరు_పోరడు · రాత్రి 9:04

చూపు 6/9 ఉంది గని పక్కలు ఏం కనవడయి. ఇసొంటోళ్ళకు సదరం సర్టిఫికెట్ ఇస్తరా?

ఫీల్డ్_చార్టు · రాత్రి 9:22

ఇవ్వొచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో బోర్డు చూపే కాదు, చుట్టుచూపు కూడా లెక్కే. 40 డిగ్రీల కన్నా తగ్గితే మందచూపు, 10 డిగ్రీల లోపయితే అంధత్వం కింద వస్తుంది. స్లాట్ పెట్టుకుని, ఫీల్డ్ రిపోర్టులు ఒరిజినల్ తీసుకెళ్ళాలి. అవి లేకుండా వెళ్తే 6/9 చూసి తిప్పి పంపేస్తారు.

కొండపల్లి_బొమ్మ · రాత్రి 9:50

అందరికీ నమస్కారం. క్లినిక్కు డాక్టరుగారితో మాట్లాడాను, వారంలోపయితే మందు మొదలుపెట్టకుండానే వెళ్ళమన్నారు. గురువారం అపాయింట్‌మెంట్ దొరికింది. వరస ఇలా రాసుకున్నాను: పాత చీటీలు, ఆస్తమా మందుల పేర్లు. ఓపీ దగ్గర పాప పెద్దది చేసే చుక్కలు వేయించుకుని, గోల్డ్‌మన్ ప్రెషర్, నల్లగుడ్డు మందం, గోనియోస్కోపీ, ఫీల్డు, ఓసీటీ. సరేనా?

కటకం · రాత్రి 10:02

ఒక్కటి మార్చండి. పాప పెద్దది చేసే చుక్కలు అన్నిటికన్నా చివరికి. ఓపీ సిస్టర్ అందరినీ వరసగా కూర్చోబెట్టి చుక్కలు వేస్తూ వస్తారు, చాలా చోట్ల అదే పద్ధతి. మీ దగ్గరికి రాగానే "ప్లస్ పవర్, గ్లాకోమా అనుమానం, గోనియోస్కోపీ ఇంకా కాలేదు" అని చెప్పి ఆపండి. అదే మాట ఓపీ కార్డు పైన ఎర్ర ఇంకుతో రాయించండి.